సొంత కంప్యూటరులో ఎ. పి. ఐ. గేట్‌వే

వారపు సంతకు పోయినవారికి ఆశీలు గేటు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సంతలో వంద అంగళ్ళు ఉండవచ్చును. బండి లోనికి పోవుటకు దారి మాత్రము ఒక్కటే. అచ్చట గుమాస్తా ఒకడు కూర్చుండి, వచ్చిన బండి ఎవరిది, ఎన్ని బస్తాలు తెచ్చినది, చీటీ ఉన్నదా లేదా అని చూచి, పశువుల వైపునకు పోవలసిన దానిని అటు, ధాన్యము వైపునకు పోవలసిన దానిని ఇటు పంపును. ఈ గుమాస్తాయే లేకపోయినచో ప్రతి అంగడివాడును తన వాకిట తానే నిలిచి ఈ ప్రశ్నలన్నియు అడుగవలసి వచ్చును. గుమాస్తా ఉన్నందున అంగడివాడు తన సరుకు అమ్ముకొనుటయే చూచుకొనును.

కంప్యూటరులలో ఈ గుమాస్తా పనిని చేయు ప్రోగ్రామును ఎ. పి. ఐ. గేట్‌వే అందురు. ఎ. పి. ఐ. అనగా ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును పని అడుగుటకు ఏర్పరచుకొన్న ఒడంబడిక. ఏ చిరునామాకు, ఏ రూపములో అడిగినచో ఏ రూపములో జవాబు వచ్చునో అందులో నిర్ణయమై ఉండును. మనము సెల్‌ఫోనులో రైలు వేళలు చూచునపుడు, ఫోనులోని ప్రోగ్రాము ఎక్కడనో ఉన్న కంప్యూటరును ఇట్లే అడుగుచున్నది. పెద్ద సంస్థలలో జవాబు చెప్పు ఇట్టి ప్రోగ్రాములు పదులు, వందలు ఉండును. వాటన్నిటి ముందు గేట్‌వే నిలిచి, వచ్చినవాడెవడో తెలిసికొని, మితిమీరి అడుగువారిని ఆపి, తక్కినవారిని ఎవరి దగ్గరకు పంపవలెనో వారి దగ్గరకు పంపును.

ఇంత పెద్ద సంస్థలకు కావలసిన సాధనమును ఒక విద్యార్థి తన సొంత కంప్యూటరులో ఎందుకు పెట్టుకొనవలెనని పాఠకులు అడుగవచ్చును. సొంత కంప్యూటరులో పొరపాటు చేసినను ఎవరికిని నష్టము లేదు గనుక నేర్చుకొనుటకు అది మంచిచోటు అని నేను మా విద్యార్థులకు చెప్పెడివాడను. ఆ మాట పూర్తిగా నిజము కాదని తరువాత తెలిసినది. ఆ సంగతి చివరకు వచ్చును.

ఇట్టి గేట్‌వేలు పెక్కు కలవు. వాటిలో మూలపాఠము అందరికిని బహిరంగముగా దొరకునట్టి, అనగా ఓపెన్ సోర్స్ అయిన, కాంగ్ అనుదానిని ఇచ్చట ఉదాహరణముగా తీసికొందము. ఇటలీ నుండి సాన్‌ఫ్రాన్సిస్కోకు పోయిన యువకులు స్థాపించిన మాషేప్ అను సంస్థ తన సొంత అవసరమునకు దీనిని తయారుచేసికొని 2015లో లోకమునకు విడుదల చేసినది. తరువాత 2017లో ఆ సంస్థ తన పేరే కాంగ్ అని మార్చుకొన్నది. అయితే ఇది శూన్యములో నుండి పుట్టినది కాదు. దీని పునాది ఇంజిన్-ఎక్స్ అను వెబ్ సర్వరు. దానిని రష్యాకు చెందిన ఈగర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసినాడు. ఆ సర్వరులో లువా అను చిన్న భాషలో ప్రోగ్రాములు నడుపుటకు వీలు కల్పించినది ఓపెన్‌రెస్టీ. లువా 1993లో బ్రెజిల్ దేశమున రియో డి జనీరోలోని విశ్వవిద్యాలయములో పుట్టినది. రష్యా సర్వరుమీద బ్రెజిల్ భాష, దానిమీద ఇటలీవారి ఆలోచన. నేడు మన బల్లమీద నడుచునది ఈ మూడింటి కలయిక.

స్థాపించుటకు సులువైన మార్గము డాకర్. ఇది 2013లో వెలువడిన సాధనము. ఒక ప్రోగ్రామును, దానికి కావలసిన ఫైళ్ళన్నిటిని ఒక మూటగా కట్టి, ఏ కంప్యూటరులో విప్పినను ఒకే విధముగా నడుచునట్లు ఇది చేయును. విప్పి నడుపుచున్న మూటను కంటైనరు అందురు. కంటైనరులో నున్న ప్రోగ్రామునకు తాను ఒక ప్రత్యేకమైన కంప్యూటరులో ఉన్నట్లే తోచును. దానికి తన ఫైళ్ళు, తన పేరు, తన నెట్‌వర్కు చిరునామా వేరుగా ఉండును. నిజమునకు అది మన కంప్యూటరులోనే, మన లినక్సు కెర్నెల్ మీదనే నడుచుచున్నది. ఈ వేర్పాటును పాఠకులు గుర్తుంచుకొనవలెను. రాబోవు చిక్కులలో మూడు పాళ్ళు దీనినుండియే వచ్చును.

గేటు పెట్టుటకు ముందు గేటు వెనుక ఒక అంగడి ఉండవలెను గదా. మేము మా ప్రయోగశాలలో పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసినాము. విద్యార్థి వరుస సంఖ్య అడిగినచో అంతర్గత పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పుట దాని పని. అది 9000 సంఖ్య గల పోర్టు దగ్గర వినుచుండును. పోర్టు అనగా ఒకే కంప్యూటరులోని వేరువేరు కిటికీల సంఖ్య అనుకొనవచ్చును. ఒక్కొక్క చిరునామాకు అట్టివి 65,535 వరకు ఉండును.

తరువాత గేట్‌వేకు ఇచ్చు ఆజ్ఞాపత్రము. కాంగ్ తన సమాచారమును ఒక డేటాబేసులో దాచుకొనగలదు. కాని 1.1 నుండి డేటాబేసు లేకుండ, ఒకే ఒక ఫైలు చదువుకొని నడుచు పద్ధతియు ఏర్పడినది. సొంత కంప్యూటరుకు ఇదియే తగినది. ఆ ఫైలు యామల్ అను పద్ధతిలో ఉండును. మొదటి పంక్తిలో ఫైలు పద్ధతి సంఖ్య 3.0 అని వ్రాసి, దానిక్రింద సర్వీసు, దానిలోపల రూటు చెప్పవలెను. సర్వీసు అనగా వెనుకనున్న అంగడి చిరునామా. రూటు అనగా ఏ మార్గమున వచ్చిన వారిని ఆ అంగడికి పంపవలెనో చెప్పు నియమము. “మార్క్స్” అను మార్గముతో వచ్చినవారిని 9000 పోర్టుకు పంపుమని మేము వ్రాసినాము. యామల్ ఫైలులో ఏది దేనిలోపలిదో పంక్తి మొదట విడిచిన ఖాళీలే చెప్పును. ఆ ఖాళీలకు టాబ్ మీట వాడరాదు. మా తరగతిలో మొదటి గంట అంతయు ఈ ఒక్క సంగతికే సరిపోయినది!

ఇక డాకర్‌కు కాంగ్ 3.9 మూట తెచ్చి నడుపుమని ఆజ్ఞ ఇచ్చినాము. సంఖ్య చెప్పకుండ “క్రొత్తది ఏదైనను తెమ్ము” అనుట మంచిది కాదు. నేడు పనిచేసిన పాఠము వచ్చే సంవత్సరము పనిచేయకపోవచ్చును. ఆ ఆజ్ఞలోనే మూడు మాటలు చేర్చవలెను. డేటాబేసు అక్కరలేదని ఒకటి. ఆజ్ఞాపత్రము ఫలానాచోట ఉన్నదని రెండవది. కంటైనరులోని 8000 పోర్టును మన కంప్యూటరు 8000 పోర్టుతో కలుపుమని మూడవది. ప్రశ్నలు వచ్చు వాకిలి 8000. గేట్‌వేను అజమాయిషీ చేయు వాకిలి వేరు, అది 8001.

నడిపిన తరువాత బ్రౌజరులో 8000 పోర్టును ఏ మార్గమును చెప్పకుండ తెరచినచో 404 అని జవాబు వచ్చును. ఏ రూటును సరిపోలేదను వాక్యము దానితోపాటు కనబడును. దీనిని చూచి క్రొత్తవారు నిరాశ చెందుదురు. నిజమునకు అది శుభవార్త. గుమాస్తా కుర్చీలో కూర్చున్నాడు, మనము పోవలసిన అంగడి పేరు చెప్పలేదు, అంతే.

అంగడి పేరు చెప్పి అడిగినాము. ఈసారి 502 వచ్చినది. వెనుకనున్న సర్వరునుండి సరియైన జవాబు రాలేదని దాని అర్థము. కాని పైథాన్ ప్రోగ్రాము చక్కగా నడుచుచునే ఉన్నది. బ్రౌజరులో నేరుగా 9000 పోర్టును అడిగినచో మార్కులు వచ్చుచున్నవి! అంగడి తెరచియున్నది, గుమాస్తా ఉన్నాడు, అయినను ఇతనికి ఆ అంగడి కనబడదు. ఇది ఎట్లు?

తప్పు మేము సర్వీసు చిరునామా వ్రాసిన పంక్తిలో ఉన్నది. అచ్చట 127.0.0.1 అని వ్రాసినాము. ఇంటర్నెట్టు నియమముల ప్రకారము 127తో మొదలగు చిరునామాలన్నియు, అనగా 1,67,77,216 చిరునామాలు, ఒకే అర్థమునకు కేటాయింపబడినవి. ఆ అర్థము “నేనే” అని. ఆ చిరునామాకు పంపిన సమాచారము కంప్యూటరు దాటి బయటకు పోదు. పంపినవాని దగ్గరకే తిరిగి వచ్చును. “నేను” అను మాటకు ఒక విచిత్రగుణము కలదు: అది ఎవరి నోట వచ్చినచో వారినే సూచించును. బ్రౌజరు మన కంప్యూటరులో నుండి 127.0.0.1 అన్నచో అది మన కంప్యూటరు. కంటైనరులో కూర్చున్న కాంగ్ 127.0.0.1 అన్నచో అది కంటైనరే. కంటైనరులో 9000 పోర్టు దగ్గర వినువారు ఎవరును లేరు. అందువలన తలుపు కొట్టినను జవాబు లేదు. “మా యింటికి రండి” అని చీటీ వ్రాసి చిరునామా వ్రాయనివాని చీటీ వంటిది ఇది. చదివినవాడు తన యింటికే పోవును.

దీనికి మేము అనుసరించిన మార్గము ఇది. పైథాన్ ప్రోగ్రామును కూడ ఒక కంటైనరులో పెట్టి, రెండు కంటైనరులను డాకర్‌లోనే మేము సృష్టించిన ఒక నెట్‌వర్కుకు కలిపినాము. మనము సృష్టించిన నెట్‌వర్కులో ఒక కంటైనరు మరియొకదానిని పేరుతో పిలువవచ్చును. ఆ పేరునకు చిరునామా డాకరే వెదకి ఇచ్చును. సర్వీసు చిరునామాలో 127.0.0.1 తీసివేసి ఆ పేరు వ్రాసినాము. అయినను మరల 502! ఈసారి తప్పు రెండవవైపున ఉన్నది. పైథాన్ ప్రోగ్రాము తాను కూడ 127.0.0.1 దగ్గర మాత్రమే వినుచున్నది. అనగా తన కంటైనరులోని వారు పిలిచిననే పలుకును. పొరుగు కంటైనరు పిలుపు దానికి వినబడదు. దానిని 0.0.0.0 దగ్గర వినుమని చెప్పినాము. ఈ నాలుగు సున్నలకు “ఏ వైపునుండి వచ్చినను వినుము” అని అర్థము. అప్పుడు మార్గము కుదిరినది.

కుదిరినది గాని మార్కులు రాలేదు, మరల 404. ఇది మొదటి 404 కాదు. గుమాస్తా స్వయముగా చెప్పు 404కును, అంగడివాడు చెప్పగా గుమాస్తా తెచ్చి ఇచ్చు 404కును తేడా కలదు. జవాబు శీర్షికలలో చూచినచో తెలియును: వెనుకకు పోయి వచ్చిన జవాబులో వెనుకనున్న సర్వరు తీసికొన్న కాలము మిల్లీసెకనులలో వ్రాసియుండును, గేట్‌వే తానే చెప్పిన జవాబులో అది ఉండదు. మాకు వచ్చినది రెండవ రకము. కారణమేమనగా, రూటులో గుర్తించిన మార్గమును కాంగ్ సాధారణముగా తీసివేసి మిగిలినది మాత్రమే వెనుకకు పంపును. మా పైథాన్ ప్రోగ్రాము “మార్క్స్” అను మాటతో సహా రావలెనని ఎదురు చూచుచున్నది. తీసివేయవద్దని రూటులో ఒక పంక్తి చేర్చగానే మొదటిసారిగా 200 అను సంఖ్య, దానివెంట మార్కులు కనబడినవి. తరగతిలో చప్పట్లు కొట్టినారు. చప్పట్లు రెండు గంటల శ్రమకు గాని మార్కులకు కాదని చెప్పవలెను.

ఇప్పుడు గుమాస్తా చేత అసలైన పని చేయింపవచ్చును. ఒక్కొక్క విద్యార్థికి ఒక తాళపు సంకేతము ఇచ్చి, అది లేనివారిని లోనికి విడువవద్దని ఆజ్ఞాపత్రములో ఒక ప్లగిన్ చేర్చినాము. సంకేతము లేనివారికి 401 వచ్చినది. నిమిషమునకు ఐదు ప్రశ్నలకు మించరాదని మరియొక ప్లగిన్ చేర్చినాము. ఆరవ ప్రశ్నకు 429 వచ్చినది. మితిమీరి అడిగినవానికి చెప్పుటకై 2012లో ఏర్పరచిన సంఖ్య ఇది. పైథాన్ ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనను మార్చలేదని గమనింపవలెను.

ఈ లెక్కించు పద్ధతిలో ఒక కిటుకు ఉన్నది. కాంగ్ లెక్క గడియారపు నిమిషమును అనుసరించును. పది గంటల ఐదవ నిమిషము చివరి రెండు సెకనులలో ఐదు ప్రశ్నలు వేసి, ఆరవ నిమిషము మొదటి రెండు సెకనులలో మరి ఐదు వేసినచో పదింటికిని జవాబు వచ్చును. నియమము నిమిషమునకు ఐదు. జరిగినది నాలుగు సెకనులలో పది. తప్పు లేదు, లెక్క అట్టిది. లెక్కను గేట్‌వే తన జ్ఞాపకములోనే ఉంచుకొన్నచో, రెండు గేట్‌వేలు పెట్టినవారికి పరిమితియు రెండింతలగును.

ఇక నేను ముందు దాటవేసిన 8001 పోర్టు సంగతి. అజమాయిషీ వాకిలిని కాంగ్ మామూలుగా 127.0.0.1 దగ్గరనే తెరచును. మంచి జాగ్రత్త. కాని కంటైనరులో దాని అర్థము కంటైనరే గనుక, మన బ్రౌజరునుండి ఆ వాకిలిని చూచుటకు వీలులేదు. అందువలన చాలమంది చెప్పినట్లే నేనును దానిని 0.0.0.0కు మార్చి, 8001 పోర్టును మన కంప్యూటరు 8001తో కలుపుమని డాకర్‌కు చెప్పినాను. వెంటనే కనబడినది. సంతోషించి ఊరకున్నాను.

పోర్టు కలుపుమని చెప్పునపుడు ముందు చిరునామా వ్రాయనిచో డాకర్ దానిని కంప్యూటరు యొక్క అన్ని చిరునామాలమీదను తెరచును. ఆ కంప్యూటరు ప్రయోగశాల నెట్‌వర్కులో ఉన్నది. అందులో ఫైర్‌వాల్ ఉన్నదిగదా అని నా ధైర్యము. లినక్సులో డాకర్ తన పోర్టుల కొరకు నియమములను తానే వ్రాసికొనును. మనము ఫైర్‌వాల్‌కు చెప్పిన మాటను దాటి ఆ మార్గము పోవును. ఇది నాకప్పుడు తెలియదు.

మూడవ రోజున తరగతిలో అందరికి 25కు 25 మార్కులు కనబడినవి. మొదట పైథాన్ ప్రోగ్రాము చెడినదనుకొని మార్కుల ఫైలు తెరచి చూచినాను. ఫైలులో మార్కులు ఉన్నవి ఉన్నట్లే ఉన్నవి. మూలలో కూర్చున్న రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు తల వంచుకొని నవ్వుచున్నాడు.

“ఏమిటయ్యా ఇది?” అని అడిగినాను.

“మార్కులు నేను దిద్దలేదండి, సార్. దారి మాత్రమే మార్చాను” అన్నాడు.

అతడు చేసినది ఇది. తన బల్లమీది కంప్యూటరులో, అడిగినవారికెల్ల 25 అని చెప్పు నాలుగు పంక్తుల ప్రోగ్రాము వ్రాసికొన్నాడు. పిమ్మట నా కంప్యూటరు 8001 పోర్టుకు క్రొత్త ఆజ్ఞాపత్రము పంపినాడు. డేటాబేసు లేని పద్ధతిలో కాంగ్ అజమాయిషీ వాకిలి దాదాపు చూచుటకే గాని మార్చుటకు వీలియదు. ఒక్క మినహాయింపు ఉన్నది, ఆజ్ఞాపత్రము మొత్తమును ఒకేసారి మార్చవచ్చును. సంకేతము అడుగలేదు, పేరు అడుగలేదు. మేము విద్యార్థులకిచ్చిన తాళములన్నియు 8000 వాకిలికి మాత్రమే. అతడు పంపిన పత్రములో సర్వీసు చిరునామా అతని కంప్యూటరుది. ప్రశ్న అడిగినవారు మునుపటి చిరునామాకే పోయినారు, మునుపటి గుమాస్తాయే జవాబు తెచ్చినాడు. గుమాస్తా పోయి తెచ్చిన అంగడి మాత్రము వేరు.

నేను కంటైనరును ఆపి మరల నడిపినాను. అది నా ఫోల్డరులోని ఫైలును తిరిగి చదువుకొని పాత మార్గమునకే వచ్చినది. పిల్లలకు ఎవరి మార్కులు వారికి కనబడినవి. కొందరికి 25 చూచిన సంతోషము ఒక్క గంటైనను నిలువలేదు.

ఆ విద్యార్థిని కోపపడుటకు నాకు ముఖము చెల్లలేదు. నా కంప్యూటరు దగ్గరకు పిలిచి, డాకర్ ఆజ్ఞలో 8001కి ముందు ఏమి వ్రాయవలెనో చెప్పుమన్నాను. కొంచెము ఆలోచించి 127.0.0.1 అని తన చేతితోనే చేర్చినాడు. ఈసారి ఆ మాటను చదువునది కంటైనరు కాదు, నా కంప్యూటరు. అందుచేత ఆ వాకిలి నా కంప్యూటరులో కూర్చున్నవానికి మాత్రమే తెరచును. 8000 పోర్టును మాత్రము అందరికి విడిచినాము. తరువాత అతడు తన బల్ల దగ్గరకు పోయి, మొన్నటి ఆజ్ఞనే మరల పంపి చూచినాడు. కనెక్షను నిరాకరింపబడినదని తెరమీద వచ్చినది.